బాబుకి మోషన్స్ పట్టుకుంటే...

చి.సౌ. స్వాతికి పిన్ని ఆశీస్సులు.

బాబుని డిశ్చార్జి చేసి ఉప్పల్ ఇంటికి తెచ్చేశారని అక్క చెప్పింది. సంతోషం. పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి, కాలేయం మార్చిన పిల్లాడి కడుపు గురించి నాలుగు ముక్కలు రాస్తున్నా.

మామూలు పిల్లలకైతే మజ్జిగన్నం పెట్టి రెండ్రోజులు చూస్తాం. వీడికి ఆ లెక్క పనికిరాదు. విరేచనాలైతే మందు ఒంటపట్టదనుకుంటాం కదా, కొత్త కాలేయాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే టాక్రోలిమస్ విషయంలో తరచూ దానికి తలకిందులుగా జరుగుతుంది. ఆ మందుని పేగు గోడే కొంత విరగ్గొట్టి, కొంత వెనక్కి నెట్టేస్తుంటుంది. పేగు దెబ్బతింటే ఆ అడ్డు తగ్గిపోయి, రక్తంలోకి ఎక్కువ మందు చేరుతుంది. చేతులు వణుకుతాయి, కిడ్నీల మీద భారం పడుతుంది. ఒంట్లో నీరు కూడా తగ్గిందంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే మోషన్స్ మొదలైన రోజే ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చెయ్యి. రక్తంలో మందు ఎంతుందో, అదే లెవెల్, చూడాలని పిలిస్తే పొద్దుటి డోసు వెయ్యకుండా వెంట తీసుకెళ్లు, రక్తం ఇచ్చాక వెయ్యాలి. నీ అంతట నువ్వు మాత్రం డోసు తగ్గించకు, మానకు. వాంతిలో మందు పడిపోతే మళ్లీ వెయ్యాలా అన్నదీ వాళ్లనే అడుగు.

కారణం ఒకటే ఉండదు. బయటి తిండి, సీఎంవీ వైరస్, ఒక్కోసారి కాలేయాన్ని కాపాడటానికే వేసే మైకోఫెనోలేట్ మందే. మలం పరీక్ష చేస్తే గానీ తేలదు. ఈలోగా మెడికల్ షాపువాడిచ్చే యాంటీబయాటిక్ వెయ్యకు. క్లారిత్రోమైసిన్ లాంటివి లెవెల్‌ని ఇంకా పెంచేస్తాయి. మోషన్స్ ఆపే బిళ్లలూ వద్దు, నొప్పికి ఇబుప్రోఫెన్ అసలే వద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నిట్లోనే కలుపు. తీపి డ్రింకుల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని 2025లో ఆర్డరొచ్చింది, మన హైదరాబాద్ డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే!

అసలు భయపడాల్సింది వేరే ఉంది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే వీడి పొట్ట ఒకసారి కోశారు కదా, అలాంటి పిల్లల్లో పేగులు అతుక్కుని మెలిపడొచ్చు. కాలేయం మార్చిన కొత్తలో పేగుకి చిల్లు పడే ప్రమాదమూ ఉంటుంది. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు జ్వరం, నొప్పి పైకి కనపడకపోవచ్చు. పొట్ట బిగుసుకున్నా, ఆకుపచ్చ వాంతి అయినా, మలంలో రక్తం కనిపించినా, నల్లగా తారులా వెళ్లినా, అర్ధరాత్రయినా సరే క్యాజువాలిటీకి వెళ్లిపో.

మోషన్స్ వారాల తరబడి సాగి బరువు తగ్గుతున్నా, మెడ దగ్గర గడ్డలు తగిలినా చెప్పు. ఇలాంటి గడ్డలకి కారణమయ్యే ఈబీవీ అనే వైరస్ ఉందేమో చూస్తారు.

ఎన్నిసార్లు వెళ్లాడో కాగితం మీద రాసిపెట్టు. రంగు చెప్పడం రాకపోతే ఫోన్లో ఫోటో తీసి చూపించు, డాక్టర్లేమీ అనుకోరు.

మీ పిన్ని