పెద్దవాళ్ల సేవకు పై శిక్షణ కావాలా?

ప్రశ్న: నర్సింగ్ అసిస్టెంట్‌ని. బీపీ చూడటం, పక్క మార్చడం వచ్చు. ఇంకా పై శిక్షణ దేనికి మేడమ్?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కావాలమ్మా. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం నీకు తెలుసు. తిప్పినప్పుడల్లా మడమలు, నడుము కింది ఎముక దగ్గర చర్మం చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే, అక్కడ రుద్దకూడదు. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు. వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడు.

నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన తాత ఇవాళ కూతుర్నే గుర్తుపట్టకపోతే ‘వయసైపోయింది’ అని వదిలేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే! మూత్రంలో ఇన్ఫెక్షనో, మన ఒంగోలు ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గడమో, కొత్త మాత్రో కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఇవన్నీ నేర్పేదే పై శిక్షణ. చేరేముందు మంచం పక్కన నిలబెట్టి నేర్పుతారా అని అడుగు.