దక్షిణ కొరియాలోని అన్సాన్ సియోల్‌లో భాగమేనా?

కాదు, అన్సాన్ సియోల్‌కు నైరుతి దిక్కున, పసుపు సముద్రం ఒడ్డున, గ్యోంగీ ప్రావిన్స్‌లో ఉన్న వేరే నగరం. 1970ల చివర్లో సియోల్‌లో కిక్కిరిసిన ఫ్యాక్టరీలను, జనాన్ని బయటికి తరలించడానికి ప్రభుత్వం ప్లాన్ వేసి దీన్ని కట్టింది. 1986లో నగర హోదా వచ్చింది.

సియోల్ మెట్రో 4వ లైన్ ఇక్కడిదాకా వస్తుంది కాబట్టి, ఇది రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చే ఊరని చాలామంది పొరబడతారు. నిజానికి ఇక్కడి బాన్వోల్ పారిశ్రామికవాడే వేలమందికి అన్నం పెడుతోంది. విదేశీ కార్మికులు ఎక్కువగా ఉండే వోంగోక్ వీధుల్లో షాపుల బోర్డులు చైనీస్, వియత్నామీస్, రష్యన్ భాషల్లోనూ కనిపిస్తాయి.

సముద్రంతో దీని బంధానికి మంచి ఉదాహరణ సిహ్వా సరస్సు. 1994లో సముద్రానికి అడ్డంగా గట్టు కట్టి మంచినీటి సరస్సు చేద్దామనుకున్నారు. ఫ్యాక్టరీల మురుగు చేరి నీళ్లు పాడైపోయాయి, చివరికి సముద్రపు నీటినే మళ్లీ లోపలికి వదలాల్సి వచ్చింది. ఇప్పుడు సముద్రానికి పోటు వచ్చినప్పుడల్లా అదే గట్టులోంచి లోపలికి దూసుకొచ్చే నీరు 10 టర్బైన్లను తిప్పి కరెంటు పుట్టిస్తుంది. 2011లో మొదలైన ఈ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 254 మెగావాట్లు.