ఎల్క్ వేటకు .300 మాగ్నమే కావాలా?

కొలరాడోలో మొదటిసారి ఎల్క్ (దుప్పి జాతి పెద్ద జంతువు) వేటకు వెళ్తున్నారు. షాపులో .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటా పేల్చే రైఫిల్ తీసుకోమంటున్నారు, మీ మనసేమో 6.5 క్రీడ్‌మూర్ మీద ఉంది. నన్నడిగితే రెండూ పక్కన పెట్టి .308 గానీ .30-06 గానీ కొనండి. నేను ఏళ్లుగా .30-06తోనే వెళ్తున్నాను. 1906 నాటి తూటా అది, ఇప్పటికీ ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ఆగిపోయింది కాబట్టి మనవాళ్లకు ఇంట్లో అడిగే పెద్దలుండరు, షాపువాడి మాటే వేదమవుతుంది.

మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, భుజం ఎముక మందంగా ఉంటుంది. నిజమే. అయినా రెండు ఊపిరితిత్తుల్లోంచీ బుల్లెట్ దూసుకుపోతే జంతువు ఎక్కువ దూరం పోలేదు. అదే పొట్టలో తగిలితే ఎంత పెద్ద మాగ్నమైనా జంతువు దట్టమైన అడవిలో పడి మైళ్లకొద్దీ నడుస్తుంది, నరకం అనుభవిస్తుంది. అందుకే క్యాలిబర్ (తూటా సైజు) కంటే మీ చెయ్యి ముఖ్యమంటాను. .300 మాగ్నమ్ భుజాన్ని .308 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు తన్నుతుంది.

కొనేముందు ఎవరి రైఫిలైనా అడిగి రేంజ్‌లో ఈ పరీక్ష చేయండి. పక్కనున్న మిత్రుణ్ణి తూటాలు నింపమని, మధ్యలో మీకు తెలియకుండా ఒక డమ్మీ (పేలని) తూటా పెట్టమనండి. ట్రిగ్గర్ నొక్కగానే టక్కుమని ఖాళీ చప్పుడు వస్తుంది. ఆ క్షణంలో గొట్టం కొన కిందికి దిగిందంటే, మీ ఒళ్లు ముందే తన్నుకు జడిసిందన్నమాట. మాతో మాగ్నమ్ తెచ్చిన ఒకతనికి ఇలా చేస్తే కొన బెత్తెడు దిగింది, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అదే మనిషి .308తో 200 గజాల దగ్గర పళ్లెమంత చోటులో వరసగా కొట్టాడు.

6.5 క్రీడ్‌మూర్ చట్టరీత్యా సరిపోతుంది. కొలరాడోలో ఎల్క్‌కు కనీసం .24 క్యాలిబర్, తగలగానే విచ్చుకునే 85 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. కానీ జంతువు ఏటవాలుగా నిలబడితే ఎముక దాటి లోపలికి వెళ్లే బరువు కావాలి. క్రీడ్‌మూర్ చేతిలో ఉంటే 300 గజాల లోపలే, పూర్తిగా పక్కకు తిరిగి నిలబడినప్పుడే కాల్చండి.

బుల్లెట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. .30-06లో 165 లేదా 180 గ్రెయిన్లు, బార్న్స్ కంపెనీ రాగి బుల్లెట్ గానీ నోస్లర్ కంపెనీ పార్టిషన్ బుల్లెట్ గానీ. 200 గజాలకు గురి సరిచేసుకుంటే 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి పోతుంది, గుర్తుంచుకోండి. గురి ముందుకాలి వెనక, ఛాతీ కింది నుంచి మూడో వంతు ఎత్తులో.

హెచ్‌1బీ మీద ఉన్నారా? ఆ వీసాతో తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే రేంజ్‌లో పరీక్షయినా, షాపయినా. లైసెన్స్ గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా చూసుకోండి. గ్రీన్‌కార్డు వాళ్లకు ఈ ఇబ్బంది లేదు.