బోనస్ డబ్బుతో కారు మోడిఫికేషన్: ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: ఆరేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లోన్ ఇంకా ఏడాది ఉంది. ఈమధ్యే రెండు నెలల జీతమంత బోనస్ వచ్చింది. చిన్నప్పటి నుంచీ నాకు కార్లంటే ప్రాణం. కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు, 17 అంగుళాల అల్లాయ్ వీల్స్, బంపర్ల కింద, పక్కల బిగించే బాడీ కిట్, వెనక రెక్కలాంటి స్పాయిలర్ వేయించాలని ఉంది. బోనస్ చాలకపోతే మిగతాది ఈఎంఐలో కట్టుకోవచ్చని షాపువాళ్లు అంటున్నారు. చేతిలో ఉన్న పొదుపు ఒక నెల ఖర్చులకు వస్తుంది. ముందు సస్పెన్షన్ (స్ప్రింగులు, షాకబ్జర్ల పని) చేయించాలా, లుక్ సంగతి చూడాలా?

జవాబు: కారు మీద ఖర్చు పెట్టొద్దని నేను చెప్పను. కష్టపడి సంపాదించేది కొంత మనసుకు నచ్చిన పనికి కూడా. చిన్నప్పటి నుంచీ ఉన్న ఇష్టం అంటున్నారు కాబట్టి దానికి బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టుకుందాం. అయితే సస్పెన్షనా, లుక్కా అని తేల్చేకన్నా, ఏ వరుసలో వెళ్తే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టకుండా ఉంటారన్నది ముఖ్యం. మోడిఫికేషన్లలో జేబుకు చిల్లు పడేది ఎక్కువగా అక్కడే.

నా దగ్గర సలహా తీసుకునే ఒకాయన మీలాగే లోయరింగ్ స్ప్రింగులతో మొదలుపెట్టారు. స్ప్రింగు ఊపును అదుపు చేసే పాత షాకబ్జర్లు బాగానే ఉన్నాయి కదా అని మార్చలేదు. కొత్త స్ప్రింగు పొట్టిగా, గట్టిగా ఉంటుంది. షాకబ్జర్ మాత్రం కంపెనీ ఇచ్చిన ఎత్తుకు తయారైనది. కారు కిందికి దిగేసరికి దానికి ఆడే జాగా తగ్గిపోయి, గుంత వచ్చినప్పుడల్లా చివర అడ్డుగా ఉండే బంప్ స్టాప్ రబ్బరుకు కొట్టుకోవడం మొదలైంది. కొన్ని నెలలకే ఆయిల్ కారింది. స్ప్రింగు మార్చడానికి విప్పిన స్ట్రట్‌నే (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉండే భాగం) షాకబ్జర్ కోసం మళ్లీ విప్పించాల్సి వచ్చింది. లేబర్ ఛార్జీ రెండుసార్లు కట్టారు. డబ్బు మిగులుతుందని మొదటిసారి వీల్ అలైన్‌మెంట్ కూడా వదిలేశారట. ఆయన కారు పక్కన వంగి ముందు టైరు చూశాను. బయటి వైపు గాడులు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. లోపలి అంచు మీద చెయ్యి పెడితే గాజులా నున్నగా ఉంది, ఒకచోట తీగ వేలికి గుచ్చుకుంది. కారు ఎత్తు తగ్గితే చక్రం పక్కకు వాలే కోణం (కాంబర్), లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం (టో) మారిపోతాయి. అలైన్‌మెంట్ సరిచేయకుండా తిరిగితే టైరు లోపలి అంచు ఇలాగే అరిగిపోతుంది, బయటి నుంచి చూసినవాళ్లకు తెలియదు. అలైన్‌మెంట్ ఖర్చు మిగిల్చిన మనిషి రెండు టైర్లు కొనాల్సి వచ్చింది.

అందుకే కొత్త పార్టులకు ముందు, ఉన్న కారు పరిస్థితి చూడండి. ఆరేళ్ల కారులో షాకబ్జర్లు, కీళ్ల మధ్య ఉండే రబ్బరు బుష్‌లు అలసిపోయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. కారు ఒక్కో మూలనూ గట్టిగా కిందికి నొక్కి వదిలేయండి. పైకి లేచి ఒకసారి సర్దుకుని ఆగిపోతే సరే, ఊగుతూనే ఉంటే షాకబ్జర్ అయిపోయినట్టే. ఒకసారికే ఆగిందని బాగున్నట్టు కాదు, కాబట్టి మెకానిక్‌తో కారు పైకెత్తించి లీకేజీ, బుష్‌లు చూపించుకోండి. టైరు పక్కన DOT అన్న ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. గాడి లోతు చాలా దేశాల్లో కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, కానీ వానలో పట్టు అంతకు చాలా ముందే తగ్గిపోతుంది.

ఇప్పుడు చక్రాల సైజు. ఇది టైర్లు కొనకముందే తేల్చుకోవాలి. ఈరోజు 16 అంగుళాల టైర్లు నాలుగు కొని ఆరు నెలలకు 17 అంగుళాల అల్లాయ్‌లు వేయిస్తే ఆ టైర్లు వృథా. పెద్ద చక్రం వేస్తే టైరు గోడ పల్చబడుతుంది. ఉదాహరణకు 205/55 ఆర్16 (వెడల్పు 205 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు) టైరు గోడ ఎత్తు సుమారు 113 మిల్లీమీటర్లు, దాని బదులు వేసే 225/45 ఆర్17లో అది 101. మొత్తం వ్యాసం మాత్రం దాదాపు అంతే, 632 నుంచి 634 మిల్లీమీటర్లకు వెళ్తుంది, కాబట్టి స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు. కానీ గుంతలో పడినప్పుడు దెబ్బను ఆపే రబ్బరు తగ్గింది, రిమ్ము వంగే అవకాశం పెరిగింది. సాధారణంగా పెద్ద సైజు టైరు ధర కూడా ఎక్కువే. అది ఒక్కసారి పెట్టే ఖర్చు కాదు, టైర్లు మార్చిన ప్రతిసారీ వస్తుంది. పైగా కారును దించి, వెడల్పు టైరు వేస్తే చక్రం పైనున్న ఫెండర్ రేకుకు రాసుకోవచ్చు. నన్నడిగితే ఈసారికి ఉన్న సైజులోనే ఉండి, ఒక మెట్టు మంచి టైర్లు వేసుకోండి. కారుకు, రోడ్డుకు మధ్య ఉన్నవి అరచెయ్యంత నాలుగు ముక్కలు. బ్రేకు పట్టినా, మలుపు తిరిగినా పని చేసేది అవే. చాలామంది దీన్ని మోడిఫికేషన్ కింద లెక్కే వేయరు, నా దృష్టిలో మొదటిది ఇదే.

సస్పెన్షన్ రెండోది. స్ప్రింగులకు జతగా తయారైన షాకబ్జర్లు ఉన్న సెట్ కొనేంత డబ్బు చేరేదాకా ఆగండి. అన్నీ ఒకేరోజు విప్పించి, ఆ రోజే అలైన్‌మెంట్ చేయించండి. మలుపుల్లో కారు పక్కకు వాలడమే మీ బాధ అయితే అసలు ఎత్తు తగ్గించక్కర్లేదు, ఎడమ, కుడి చక్రాలను కలిపే లావుపాటి కడ్డీ, అంటే యాంటీ రోల్ బార్, ఆ పని చేస్తుంది.

డబ్బు సంగతికొస్తే, బోనస్‌ని 100 భాగాలనుకోండి. అందులో 50 ఎమర్జెన్సీ ఫండ్‌కు. ఒక నెల పొదుపుతో, నడుస్తున్న లోన్‌తో ఉద్యోగానికి ఏదైనా అయితే ముందుగా అమ్ముకోవాల్సి వచ్చేది ఆ కారునే, నాకున్న భయం అది. 35 భాగాలు టైర్లకు, అలైన్‌మెంట్‌కు, మెకానిక్ చూపించిన రిపేర్లకు. మిగతా 15 కదిలించకండి, విప్పాక బయటపడే తుప్పుపట్టిన బోల్టులకు, పగిలిన మౌంట్లకు అది కావాలి. సస్పెన్షన్ సెట్ కోసం ప్రతి నెలా కొంత విడిగా దాచండి. ఏడాదిలో లోన్ తీరాక ఆ ఈఎంఐ డబ్బు ఒకటి రెండు నెలలు అటే పంపితే వేగంగా చేరుతుంది.

షాపువాళ్ల ఈఎంఐ మాత్రం వద్దే వద్దు. ఉదాహరణకు క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది, కట్టకుండా వదిలేస్తే ఏడాదికి చక్రవడ్డీతో 42 శాతం దాటుతుంది. పైగా అది అమ్మితే విలువ రాని వస్తువు మీద అప్పు. కారు కొనేవాళ్లు మీ స్ప్రింగులకు అదనంగా ఇవ్వరు, కొందరు వాటిని చూసి ధర తగ్గించమంటారు కూడా.

ఇన్సూరెన్స్‌ను మర్చిపోవద్దు. ఏ మార్పు చేయించినా ముందు మీ ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, ప్రీమియం ఎంత పెరుగుతుందో అడగండి. చెప్పకుండా చేయిస్తే యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిమ్ ఆగిపోవచ్చు. చట్టం ఏది ఒప్పుకుంటుందో కూడా ముందే కనుక్కోండి. చాలా చోట్ల కారు రంగు మారిస్తే రిజిస్ట్రేషన్ పత్రాల్లోనూ మార్పించాలి.

లుక్ చివరికి ఎందుకంటే, బాడీ కిట్ నేలకు దగ్గరగా వస్తుంది. కారు ఎత్తు ఖరారు కాకముందే వేయిస్తే, తర్వాత కారును దించిన రోజు నుంచి ర్యాంపు ఎక్కిన ప్రతిసారీ గీసుకుంటుంది. స్పాయిలర్ గాలితో చేసే పని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, రోజూ ఆఫీసుకు వెళ్లే వేగంలో అది అందానికే. అందం కోసమే అయితే తప్పేం లేదు, అలా అనుకునే కొనండి. రంగు మార్చాలనిపిస్తే పెయింట్ కంటే ర్యాప్ (పైన అతికించే రంగు ఫిల్మ్) నయం, నచ్చకపోతే తీసేయొచ్చు. అంతవరకూ ఆగలేకపోతే, పసుపు రంగుకు తిరిగిన హెడ్‌లైట్ల మీద పాలిష్ చేయించి చూడండి. తక్కువ ఖర్చులో ఆరేళ్ల కారు ముఖం ఇంతగా మార్చే పని నాకు ఇంకొకటి కనబడలేదు.

షాపుకు వెళ్లినప్పుడు పార్టులు, లేబర్, అలైన్‌మెంట్ విడివిడిగా రాసి ఇమ్మనండి. విప్పిన కంపెనీ స్ప్రింగులు, షాకబ్జర్లు అక్కడే వదిలేయకండి. పనికొచ్చేవైతే బోల్టులతో సహా ఒక పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకోండి, కారు అమ్మే రోజు వాటిని తిరిగి బిగించి, కొత్త సెట్ విడిగా అమ్ముకోవచ్చు.