పాచికల సీజన్‌కు బహుమతి రాసేవారికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. ఎడిసన్‌లో మీ ఎనిమిది మంది మిత్రులు కలిసి 1941 నాటి అమెరికన్ లీగ్ బేస్‌బాల్ సీజన్‌ను కార్డులతో, పాచికలతో మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ ఆడి ముగించారని తెలిసి ఆశ్చర్యపోయాను. ఎనిమిది జట్లు, జట్టుకు 154 ఆటలు, వెరసి 616 ఆటలు. ఆటకు అరగంట చొప్పున వేసుకున్నా మూడు వందల గంటలు దాటుతుంది. ఇంత ఓపిక పట్టినవాళ్ళు తీరా చివరికి వచ్చేసరికి ‘మోస్ట్ వాల్యుయబుల్ ప్లేయర్’ బహుమతి ఎవరికివ్వాలన్న దగ్గర మాటామాటా అనుకుని, రెండు వారాలు ఒకరి ఫోను ఒకరు ఎత్తలేదని రాశావు. నవ్వొచ్చింది గాని, తప్పు పట్టబుద్ధి కాలేదు. మా రోజుల్లో మేమూ అంతే.

ఇక వ్యాసం సంగతి. మొదటి వాక్యంలోనే బోస్టన్ ఆటగాడు టెడ్ విలియమ్స్‌ను గెలిపించేశావు. కారణాలు వెతికితే, ఆ ఏడాది అతని బ్యాటింగ్ సగటు .406 (అంటే వెయ్యి ప్రయత్నాల్లో 406 హిట్లు; హిట్ అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) అనీ, సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలో చివరి రోజుకు .39955 దగ్గర ఉన్నవాడు, ఆడకుండా కూర్చుంటే పుస్తకాల్లో .400గా లెక్క సరిపోయేదే అయినా, ఆ రోజు రెండు ఆటలూ ఆడి ఎనిమిది ప్రయత్నాల్లో ఆరు హిట్లు కొట్టాడనీ, అంతటివాణ్ణి కాదని ఓటర్లు న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు జో డిమాజియోకు బహుమతి కట్టబెట్టారనీ, ఆ అన్యాయాన్ని ఇన్నేళ్ళకు మీరు దిద్దుతున్నారనీ రాశావు. చదవడానికి ఉత్సాహంగానే ఉంది. అయితే ఇందులో మీరు ఆడిన సీజన్ ఎక్కడుంది? నువ్వే జతచేసిన పట్టికలో విలియమ్స్ .400 చేరనే లేదు. మీ బల్ల మీద డిమాజియో వరుసగా 56 ఆటల్లో హిట్ కొట్టిన దాఖలా కూడా లేదు. మూడు వందల గంటలు కూర్చుని మీరు సృష్టించిన సీజన్‌ను పక్కన పెట్టేసి, గ్రంథాలయంలో దొరికే సీజన్‌కు తీర్పు చెప్పావు.

నిన్ను తప్పు పట్టే ముందు నా తప్పు చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం మేము 1933 నేషనల్ లీగ్ సీజన్ ఆడాం. ఆ ఏడాది ఫిలడెల్ఫియా ఆటగాడు చక్ క్లైన్ సగటులో, హోమ్ రన్లలో, రాబట్టిన పరుగుల్లో (తన బ్యాటుతో జట్టుకు తెచ్చిన పరుగులు) మూడింటా ముందుండి ట్రిపుల్ క్రౌన్ సాధించాడు. అయినా ఓటర్లు న్యూయార్క్ జెయింట్స్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) కార్ల్ హబ్బెల్‌ను ఎన్నుకున్నారు. మా లీగులో బహుమతుల వ్యాసం నా వంతుకు వచ్చింది. హబ్బెల్‌ను సమర్థిస్తూ, జూలై 2న సెయింట్ లూయిస్ మీద అతను ఒక్క వాక్ (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఊరికే దక్కే బేస్) కూడా ఇవ్వకుండా 18 ఇన్నింగ్స్ వేసి 1–0తో గెలిపించిన ఆటను పేరా నిండా వర్ణించాను. ఆ పేరా చూసుకుని నాలో నేనే మురిసిపోయాను కూడా. మరుసటి ఆదివారం ఫిలడెల్ఫియా జట్టును నడిపిన మిత్రుడు అట్టపెట్టెలోంచి ఒక స్కోరు కాగితం తీసి, మాట్లాడకుండా నా ముందు పెట్టాడు. మా జూలై 2 ఆట అది. పెన్సిలుతో రాసినది నా దస్తూరీయే. ఆరో ఇన్నింగ్స్‌లో హబ్బెల్ పేరు మీద అడ్డగీత ఉంది, పక్కనే అతని బదులు వచ్చినవాడి పేరు ఉంది. ఆ సాయంత్రం పాచికలు వేసింది నేనే, అడ్డగీత కొట్టింది నేనే, వ్యాసం రాసేవేళకు మరిచిపోయిందీ నేనే.

చరిత్ర సీజన్ ఆడేవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. పేరు వినగానే ఆ పేరు వెనకాల చదివిన కథ అంతా కలం కొసకు వచ్చేస్తుంది. అందుకే నేను నేర్చుకున్న పద్ధతి ఒకటి చెబుతాను. వ్యాసం మొదలుపెట్టే ముందు నీ స్కోరు కాగితాల్లోంచి విలియమ్స్ ఆడిన ఒక పది ఆటలు, డిమాజియో ఆడిన ఒక పది ఆటలు తీసి, పేర్లు కనబడకుండా వేలు అడ్డం పెట్టి చదువు. ఏ ఆట దగ్గర నీ వేలు ఆగిందో ఆ ఆటే వ్యాసానికి పనికొస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని నీ వ్యాసం అసలు తాకలేదు. మీరు ఆడే ఆటలో మూడు పాచికలు పడతాయి. వాటిలో ఒకటి ఒకటి నుంచి మూడు లోపు చూపిస్తే బ్యాటర్ కార్డు చదువుతారు, నాలుగు నుంచి ఆరు దాకా అయితే పిచ్చర్ కార్డు చదువుతారు. మిగతా రెండింటి మొత్తం ఏ వరుస చదవాలో చెబుతుంది. కార్డు మీది వరుసలన్నీ ఆ ఆటగాడు నిజంగా ఆడిన సీజన్ లెక్కల నుంచే తయారవుతాయి. అంటే విలియమ్స్ ఎంతటివాడో పాచిక చేతికి తీసుకోక ముందే బల్ల మీద అచ్చువేసి ఉంది. అటువంటప్పుడు మీ లీగులో అతని సగటు తగ్గినా, ఇంకొకరిది పెరిగినా అందులో పాచికల వాటా ఎంతో ఉంటుంది. మరి బహుమతి ఇచ్చేది కార్డుకా, పాచికలు పడిన తీరుకా?

నేను పాచికలు పడిన తీరుకే ఇస్తాను. నిజమైన మైదానంలో కూడా అదృష్టం ఉంది, కాకపోతే అక్కడ మనకు కార్డు కనబడదు. 1941 జూలై 17 రాత్రి మా క్లీవ్‌లాండ్‌లో, అరవై ఏడు వేల మంది చూస్తుండగా, మూడో బేస్ దగ్గర కెన్ కెల్ట్‌నర్ గీత వెంబడి వెళ్ళిపోతున్న బంతులను రెండుసార్లు అందుకుని మొదటి బేస్‌కు విసరడంతో డిమాజియో వరుస ఆగిపోయింది. వాటిలో ఒక్క బంతి కాస్త అటుగా పోయి ఉంటే 57 అయ్యేది. మీ బల్ల మీద అదే ఘట్టాన్ని కార్డు మీద వచ్చే ‘ఎక్స్’ గుర్తు, ఇరవై ముఖాల పాచిక, ఫీల్డర్‌కు ఇచ్చిన అంకె కలిసి తేలుస్తాయి. ఆ రాత్రి కెల్ట్‌నర్ చేతిలో పడిన బంతికి చరిత్రలో చోటిచ్చాం కదా, ఇరవై ముఖాల పాచికకు మీ లీగు చరిత్రలో చోటివ్వడానికి సంకోచం ఎందుకు? కార్డునే ఎన్నుకునేటట్లయితే ఏప్రిల్‌లోనే ఎన్నుకుని ఇళ్ళకు పోవచ్చు.

అలాగని విలియమ్స్‌ను వదిలేయమనడం లేదు. నీ పట్టికను నీకన్నా జాగ్రత్తగా చదివాను. నిజమైన 1941లో యాంకీస్ జట్టు బోస్టన్ కన్నా 17 ఆటల ముందు నిలిచింది. డిమాజియోకు ఓటు వేసినవాళ్ళ బలమైన వాదాల్లో అదొకటి: జట్టును గెలిపించినవాడే విలువైనవాడు అన్నది. మీ లీగులో మాత్రం బోస్టన్ చివరి వారం దాకా యాంకీస్‌ను వదలకుండా వెంటాడింది. ఒక్క ముక్క కూడా నువ్వు దీని గురించి రాయలేదు! విలియమ్స్‌కు మీ సీజన్ ఇచ్చిన అసలైన సాక్ష్యం అదే. పాత అన్యాయం గురించి కార్చిన కన్నీళ్ళన్నీ కొట్టేసి, ఆ చివరి వారంలో అతను ఏ రోజు ఏమి చేశాడో రాస్తే నీ తీర్పు నిలబడుతుంది.

‘విలువైనవాడు’ అంటే ఏమిటన్న చర్చ ఎంత పాతదో మన క్రికెట్ తెలిసినవాడివి నీకు చెప్పనక్కర్లేదు. 2001లో కలకత్తా టెస్టులో లక్ష్మణ్ 281 కొట్టాడు, ఆ ఆటకు బహుమతి అతనికే దక్కింది. 32 వికెట్లు తీసిన హర్భజన్‌కు సిరీస్ బహుమతి వెళ్ళింది. హైదరాబాదులో దాని మీద వాదించుకోని టీ కొట్టు ఉండి ఉండదు. ఆ రెండు బహుమతులూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. నీ వ్యాసం రెండో పేరాలోనైనా నువ్వు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నావో తేటగా చెప్పు. అందరికన్నా బాగా ఆడినవాడా, అతను లేకపోతే జట్టు కూలిపోయేవాడా? ఏదో ఒకటి పట్టుకో, మధ్యలో మార్చకు.

ఎదుటి పక్షం గురించి కూడా కాస్త చెప్పాలి. 1942లో విలియమ్స్ .356 సగటు, 36 హోమ్ రన్లు, రాబట్టిన 137 పరుగులతో ట్రిపుల్ క్రౌన్ సాధించాడు. బహుమతి మాత్రం యాంకీస్ రెండో బేస్ ఆటగాడు జో గోర్డన్‌కు 270–249 పాయింట్లతో వెళ్ళింది. గోర్డన్ సగటు .322, హోమ్ రన్లు 18. పైగా స్ట్రైక్ అవుట్లలో, డబుల్ ప్లేలకు (ఒకే బంతికి ఇద్దరు అవుటవడం) బలికావడంలో, తన స్థానంలో చేసిన తప్పిదాల్లో లీగు మొత్తానికీ అతనే ముందున్నాడు. ఈ మాట ఎక్కడ వచ్చినా అందరూ నవ్వేసి పోతారు. నువ్వు నవ్వకుండా, ఆ ఓటర్లు మూర్ఖులు కారనుకుని, గోర్డన్ తరఫున ఒక పేజీ రాసి నాకు పంపు. రెండో బేస్ దగ్గర నిలబడి ఆ మాత్రం బ్యాటింగ్ చేసేవాళ్ళు ఎందరున్నారు, 103 ఆటలు గెలిచిన జట్టుకు అతను ఏమిచ్చాడు అని వెతకడం మొదలుపెడితే నీకు మాటలు దొరుకుతాయి. చివరికి నువ్వు ఒప్పుకోకపోవచ్చు, నేనూ ఒప్పుకోను. కానీ ఆ పేజీ రాసిన చెయ్యి డిమాజియో పక్షాన్ని నువ్వు చేసినట్టు రెండు వాక్యాల్లో కొట్టిపారేయదు.

మీరు ఓటు వేసిన పద్ధతి నాకు నచ్చలేదు. ఎనిమిది మందీ తలా ఒక పేరు రాస్తే ఏమవుతుంది? ఎవరి జట్టువాడి పేరు వాళ్ళు రాస్తారు, తర్వాత పోట్లాడుకుంటారు. 1941లో 24 మంది రచయితలు తలా పది పేర్లు వరుసక్రమంలో రాశారు. మొదటి పేరుకు 14 పాయింట్లు, రెండోదానికి 9, అక్కణ్ణుంచి ఒక్కొక్కటి తగ్గుతూ పదోదానికి ఒకటి. డిమాజియోకు 15 మంది మొదటి స్థానం, మిగతా తొమ్మిది మందీ రెండో స్థానం ఇచ్చారు. 210కి 81 కలిపితే 291 వస్తుంది, విలియమ్స్‌కు వచ్చినవి 254. అంటే విలియమ్స్‌నే గొప్పవాడనుకున్నవాళ్ళు కూడా డిమాజియోను రెండో స్థానం కన్నా కిందకు దించలేదు. ‘అన్యాయం’ అన్న మాట రాసేముందు ఈ లెక్క చూసి ఉండాల్సింది. 1947లో ఈ ఇద్దరి మధ్యే తేడా ఒక్కటంటే ఒక్క పాయింటు, డిమాజియోకు 202, విలియమ్స్‌కు 201. అటువంటి చోట ఎవరో ఒకరు ఏడో స్థానంలో రాసిన పేరు కూడా బహుమతిని అటూ ఇటూ చేస్తుంది. కాబట్టి నీ వ్యాసంలో మొదటి ఇద్దరి దగ్గరే ఆగిపోకు. 1941లో లీగులో అందరికన్నా ఎక్కువగా 218 హిట్లు కొట్టిన వాషింగ్టన్ ఆటగాడు సెసిల్ ట్రావిస్ మీ బల్ల మీద ఏమయ్యాడో తెలుసుకోవాలని నాకు నిజంగా ఆత్రంగా ఉంది.

బోస్టన్ జట్టును నడిపింది నువ్వేనన్న సంగతి నాకు ఉత్తరం చివర్లో, అదీ మాటవరసకు తెలిసింది. పాఠకుడికి అది మొదటి పేరాలోనే తెలియాలి. తెలిసిన తర్వాత కూడా నీ వాదం నచ్చితే నచ్చుతుంది. దాచి తర్వాత బయటపడితే వ్యాసమంతా వకాల్తాలా కనబడుతుంది. ఇంకొకటి, మీ మిత్రులు విలియమ్స్ బ్యాటుకు వచ్చినప్పుడల్లా భయపడి కావాలని వాక్ ఇచ్చేశారా? నిజమైన సీజన్‌లోనే అతనికి 147 వాక్‌లు వచ్చాయి. మీ లెక్క ఎంతో చూడు. అతను రాబట్టిన పరుగులు తగ్గడానికి ఆ నిర్వాహకుల పిరికితనం కారణమైతే అదీ రాయాల్సిన విషయమే. డెట్రాయిట్ నడిపినవాడు హాంక్ గ్రీన్‌బర్గ్‌ను ఎన్ని ఆటలు ఆడించాడో కూడా చూడు. ఆ ఏడాది అతను 19 ఆటలాడి, మే నెలలో సైన్యంలోకి వెళ్ళిపోయాడు. ఆ కార్డుతో వంద ఆటలు ఆడించి ఉంటే, ఆ సీజన్‌ను ఓటుకు పరిగణించాలా వద్దా అన్నది ఆట మొదలు కాకముందే తేల్చుకోవాల్సింది.

మిగతా బహుమతుల గురించి ఎక్కువ చెప్పను. ఉత్తమ పిచ్చర్‌కు ‘సై యంగ్ అవార్డు’ అని రాశావు. ఆ అవార్డు 1956లో మొదలైంది, 1941లో లేదు. ఇస్తే ఇవ్వండి, కానీ తెలిసే ఇస్తున్నామని ఒక మాట రాయి. ఫీల్డింగ్ బహుమతి మాత్రం తీసేయమని నా సలహా. ఎవరు ఎంత బాగా పడతారో కార్డు మీద ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేసి ఉండగా, మీరు చర్చించేది ఏముంది?

భాష విషయంలో ఒకటి రెండు మాటలు. రాబట్టిన పరుగులకు నువ్వు అంతటా ‘ఆర్‌బీఐ’ అని రాశావు. “ఆర్‌బీఐలో డిమాజియో ముందంజ” అన్న నీ ఉపశీర్షిక చదివి మా ఆవిడ రిజర్వు బ్యాంకులో ఉద్యోగమా అని అడిగింది. సగటు కూడా అంతే. మన పాఠకుడికి సగటు అంటే అవుటైన ఒక్కోసారికి వచ్చే పరుగులు. .357 అని చూస్తే బొత్తిగా ఆడలేనివాడు అనుకుంటాడు. వెయ్యి ప్రయత్నాల్లో 357 హిట్లు అని మొదటిసారి విప్పి చెప్పి, తర్వాత అంకె వాడుకో.

వ్యాసం తిరగరాసి నెలాఖరులోగా పంపు. దానితో పాటు చివరి వారంలో బోస్టన్ ఆడిన ఆటల స్కోరు కాగితాలు ఫోటో తీసి పంపు, కొట్టివేతలు కూడా కనబడేటట్టు. శనివారం ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్ దగ్గర కాఫీ మరక పడిందన్నావు కదా, ఆ మరక కింద విలియమ్స్ పేరు పక్కన ఏముందో వెలుతురుకు పట్టి చూసి రాయి.

ఇట్లు,
నీ మేలు కోరే
క్లీవ్‌లాండ్ పెదనాన్న