చలికాలంలో సైకిల్ మీద అరకు: ఏం వేసుకోవాలి, ఏం తినాలి?

డిసెంబరులో విశాఖ నుంచి సైకిల్ మీద అరకు వెళ్తున్నాను, చలికి ఏం వేసుకోవాలి, దారిలో ఏం తినాలి అని అడిగారు. ఈ రెండూ వేర్వేరు సంగతులనుకునే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. ఒంట్లో వేడి పుట్టేది తిన్న తిండి నుంచే. తిండి చాలకపోతే ఎంత మందం స్వెటరూ వణుకు ఆపలేదు.

ఆ రోజు ఘాట్ కింద ఉన్న ఎస్.కోటలో (శృంగవరపుకోట) రెండు ఇడ్లీలు తిని ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాను. లోపల కాటన్ బనియన్, పైన ఉన్ని స్వెటర్. ఎక్కుతున్నంతసేపూ చలే తెలియలేదు, బనియన్ మాత్రం చెమటకు తడిసి ముద్దయింది. గాలికొండ దాటి దిగడం మొదలయ్యాక తెలిసింది. దిగేటప్పుడు తొక్కే పని ఉండదు కాబట్టి వేడి పుట్టదు, తడి బట్టల మీద ఎదురుగాలి కొడుతుంది. వేళ్ళు మొద్దుబారి, బ్రేకు పడుతోందో లేదో కూడా తెలియలేదు. దిగి నడిపించుకుంటూ వెళ్తుంటే ఒక టీ కొట్టావిడ చలిమంట దగ్గర కూర్చోబెట్టి, టీ, బెల్లం ముక్క ఇచ్చింది. "చొక్కా లోపల పెట్టుకో బాబూ" అంటూ పాత పేపరు కూడా చేతిలో పెట్టింది. ఛాతీకి గాలి తగలకుండా అది ఎంత కాసిందో చెప్పలేను. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో కొండలు దిగే రైడర్లూ ఇలా పేపరు పెట్టుకునేవారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఒంటికి ఆనుకుని, కాటన్ కంటే త్వరగా ఆరే పాలిస్టర్ బనియన్ వేస్తాను. ఇంకొకటి పాలిథిన్ కవర్లో పొడిగా ఉంచి, దిగడం మొదలుపెట్టే ముందు మార్చేస్తాను. అన్నిటికంటే ముఖ్యం ఇదే. పల్చటి విండ్‌చీటర్ దిగేటప్పుడే వేసుకోండి, ఎక్కేటప్పుడు తీసేయండి. వేళ్ళు పూర్తిగా కప్పే గ్లోవ్స్, చెవులకు గుడ్డ తప్పనిసరి.

తిండి విషయానికొస్తే, ఆకలి వేసేదాకా ఆగొద్దు. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. నేను అరగంటకోసారి ఒక అరటిపండో, బెల్లం కలిపిన అటుకుల ఉండో తింటాను. పల్లీ చిక్కీ మంచిదే గానీ, ఎక్కువైతే ఎక్కుడులో నాకు కడుపు బరువెక్కుతుంది. ప్యాకెట్లుంటే ఇంట్లోనే విప్పి డబ్బాలో వేసుకోండి, మొద్దుబారిన వేళ్ళతో చింపలేరు. చలిలో దాహం తెలియదు, అయినా గుక్కెడు గుక్కెడు తాగుతూనే ఉండండి.

వణుకు ఎంతకీ ఆగకపోయినా, మాట తడబడుతున్నా ఇక తొక్కొద్దు. బస్సో జీపో ఆపి సైకిల్‌తో సహా ఎక్కేయండి.