నెల తప్పాక ఫిట్స్ మాత్ర ఆపేయాలా?

మీ చెల్లెలు ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ 500 మిల్లీగ్రాముల మాత్ర రెండు పూటలా వేసుకుంటోంది, ఇప్పుడు గర్భం ఆరో వారం నడుస్తోంది. గుంటూరులో మెడికల్ షాపతను 'పిల్లలు అవకరంతో పుడతారు, ఆపేయండి' అన్నాడని అడిగారు.

ఆపకండి. అతను చెప్పిన ప్రమాదం నిజమే, విరుగుడే తప్పు. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఆగకుండా వరసపెట్టి రావచ్చు, అప్పుడు తల్లికీ బిడ్డకీ ఒకేసారి ముప్పు. గైనకాలజిస్టు అపాయింట్‌మెంటు కోసం చూడకుండా ఇవాళో రేపో న్యూరాలజిస్టుకి చూపించండి. గుంటూరు కొత్తపేటలో ఎప్పుడూ చూసే డాక్టరే అయితే మేలు. పాత చీటీలు, ఆఖరిసారి ఫిట్స్ ఎప్పుడొచ్చాయో రాసిన కాగితం పట్టుకెళ్లండి.

వారాలు ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం ఆరు వారాలు నిండేసరికే మూసుకుంటుంది. టెస్టులో రెండు గీతలు కనబడేసరికి ఆ పని చాలావరకు అయిపోతుందన్నమాట. ఏ మందూ వాడని తల్లులకి పుట్టే పిల్లల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకలోపాలుంటాయి. వాల్‌ప్రోయేట్‌తో సుమారు పది మందికి, మోతాదు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మిగతా తొంభై మంది సంగతీ ఆ అమ్మాయికి చెప్పండి.

గొట్టం ఎలాగూ మూసుకుపోతోంది కదా, ఇంక మందు మార్చి లాభమేంటి అనుకోవద్దు. ఈ మందు బిడ్డ మెదడు ఎదుగుదల మీద తొమ్మిది నెలలూ ప్రభావం చూపుతుంది. మాటలు ఆలస్యం కావడం, చదువులో వెనకబడటం, ఆటిజం లాంటివి ఈ పిల్లల్లో ఎక్కువ. అందుకే వీలైతే లెవెటిరాసిటామ్, లామోట్రిజిన్ అనే వేరే ఫిట్స్ మందుల్లో ఒకదానికి మారుస్తారు. మొదటిదాన్ని త్వరగా పెంచుకోవచ్చు. రెండోదాన్ని, అందులోనూ వాల్‌ప్రోయేట్ ఇంకా ఒంట్లో ఉండగా, వారాల తరబడి కొద్దికొద్దిగానే పెంచాలి. తొందరపడితే ప్రాణం మీదికి తెచ్చే దద్దుర్లు రావచ్చు. పైగా నెలలు నిండేకొద్దీ రక్తంలో లామోట్రిజిన్ మోతాదు పడిపోతుంది, మళ్లీ సరిచేయాలి. మార్చడం కుదరకపోతే ఫిట్స్ ఆపగలిగే అతి తక్కువ మోతాదుకి తెస్తారు.

ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర గురించి అదే రోజు అడగండి, సాధారణంగా 12 వారాలు నిండేదాకా రోజుకొకటి ఇస్తారు. మామూలు గర్భిణులకిచ్చే 400 మైక్రోగ్రాములది ఇక్కడ చాలదు.

స్కానింగులు రెండు ముఖ్యం: 11 నుంచి 13 వారాల మధ్య ఎన్‌టీ (బిడ్డ మెడ వెనక నీరు కొలిచే స్కాన్), 18 నుంచి 20 మధ్య టిఫా (బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో వివరంగా చూసే స్కాన్). టిఫాని 'తర్వాత చూద్దాంలే' అని వదిలేయకండి. చీటీ మీద 'వాల్‌ప్రోయేట్ వాడుతోంది' అని తప్పక రాయించండి. అప్పుడు స్కాన్ చేసేవాళ్లు వెన్నెముక, గుండె, పెదవి మరింత నిదానంగా చూస్తారు.